ఎం.ఎస్. లెక్కతో ఎం.ఎఫ్.ఏ.కి అప్పు చేయొద్దు

సంపాదకుల వారికి,

పిల్లవాడు ఫిల్మ్ మేకింగ్‌లో మాస్టర్స్‌కి అమెరికా వెళ్తానంటే మన ఇళ్లలో వేసే లెక్క ఒకటే, ఎం.ఎస్. లెక్క. రెండేళ్ల చదువు, మూడేళ్ల ఓపీటీ (చదువయ్యాక అక్కడే పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి), ఆ మూడేళ్లలో అప్పు తీరిపోతుంది. సినిమా చదువుకి ఇచ్చే ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) పట్టాకి వచ్చేసరికి ఈ లెక్కలో ఒక్క అంకె కూడా నిలవదు. విద్యా పేజీల్లో ఎక్కడా ఈ సంగతి కనబడకపోవడంతో ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ముందు ఓపీటీ సంగతి. ఎం.ఎస్. వారికి 12 నెలల మీద మరో 24 నెలలు దొరికేది వారి కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంది కాబట్టే. సినిమాటోగ్రఫీ, ఫిల్మ్ ప్రొడక్షన్‌కి వాడే సీఐపీ కోడ్ (అమెరికాలో ప్రతి కోర్సుకీ ఉండే గుర్తింపు అంకె) 50.0602 ఆ జాబితాలో లేదు. అంటే 12 నెలలతో సరి, అందులోనూ మొత్తం మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. సినిమా పని నెల జీతం ఉద్యోగం కాదు; రెండు వారాలు షూటింగ్, ఆ తర్వాత నెల ఖాళీ. ఆ 90 రోజులు ఎంత త్వరగా కరిగిపోతాయో ఊహించుకోవచ్చు. యానిమేషన్, స్పెషల్ ఎఫెక్ట్స్ కోర్సులకు వాడే 10.0304 మాత్రం స్టెమ్ కిందికే వస్తుంది. విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మొదటి పేజీలోనే కోర్సు పేరు పక్కన ఈ కోడ్ ఉంటుంది. స్కూలు పేరు చూసి మురిసిపోయే ముందు ఈ అంకె చూడాలి.

ఇక ఖర్చు. పేరున్న ప్రైవేటు స్కూళ్లలో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 60 వేల డాలర్ల పైమాట. లాస్ ఏంజెలెస్‌లోనో న్యూయార్క్‌లోనో ఉండటానికి, తినడానికి ఇంకో 30 వేలు వేసుకోండి. ఏఎఫ్‌ఐ (అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) లాంటి చోట రెండేళ్లే గానీ, ప్రొడక్షన్ ఎం.ఎఫ్.ఏ. చాలాచోట్ల మూడేళ్లు. మూడేళ్లకు 2 లక్షల 70 వేల డాలర్లు. డాలరు 90 రూపాయలనుకున్నా 2 కోట్ల 43 లక్షలు. ఇందులో థీసిస్ ఫిల్మ్, అంటే పట్టా కోసం చివర్లో తీయాల్సిన సినిమా ఖర్చు లేదు.

అందరూ దెబ్బతినేది ఆ థీసిస్ దగ్గరే. కెమెరా, లైట్లు స్కూలిస్తుంది. లొకేషన్ అద్దె, యూనిట్‌కి భోజనాలు, వ్యాన్ అద్దె, సౌండ్ మిక్సింగ్, కలర్, ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులు చాలాచోట్ల విద్యార్థి జేబులోంచే పోతాయి. ఎంత పొదుపుగా తీసినా వేల డాలర్లు. ఈ ఖర్చు యూనివర్సిటీ ఇచ్చే అంచనా పత్రంలో ఉండకపోతే బ్యాంకు దానికి పైసా విదల్చదు. పైగా థీసిస్ ఆలస్యమై ఐ-20 పొడిగించుకోవాలంటే మళ్లీ నిధులు చూపించాలి. అందుకే అడ్మిషన్ వచ్చిన రోజే స్కూలుకి మెయిల్ పెట్టి రెండు ప్రశ్నలు అడగాలి: థీసిస్‌కి స్కూలు ఎంతిస్తుంది, మొన్నటి బ్యాచ్ సగటున ఎన్నేళ్లలో పట్టా పుచ్చుకుని బయటపడింది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫిల్మ్ స్కూలు విద్యార్థుల సినిమాల నిర్మాణ ఖర్చు తనే పెట్టుకుంటుంది. ర్యాంకుల జాబితాల్లో ఈ ముక్క కనబడదు.

ఖర్చు తగ్గించుకునే అసలు దారి టీచింగ్ అసిస్టెంట్‌షిప్, అంటే చదువుకుంటూనే అక్కడి క్లాసుల్లో బోధనకు సాయపడే పని. స్టేట్ యూనివర్సిటీల్లో ఇది దొరికితే ట్యూషన్‌లో పెద్ద భాగం మాఫీ అయి, నెలకు కొంత స్టైపెండ్ కూడా వస్తుంది. డిసెంబరులో దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ గడి నింపాలి, సీటొచ్చాక అడిగితే మిగిలేది వెయిటింగ్ లిస్టే. నిధులతో కూడిన ఆఫర్ వస్తే చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా జవాబుకి గడువిస్తాయి. ఆలోగా రెండో స్కూలు ఆఫర్ చూపించి మొదటి స్కూలుని ఇంకాస్త అడగడంలో మర్యాద తప్పినట్టేమీ కాదు.

దరఖాస్తు మాటకొస్తే, గడువులు ఎక్కువగా నవంబరు, డిసెంబరు నెలల్లో ఉంటాయి. చాలా ఫిల్మ్ స్కూళ్లు జీఆర్‌ఈ అడగవు. స్టేట్‌మెంట్, విజువల్ శాంపిల్, రాత శాంపిల్, సాధారణంగా మూడు సిఫార్సు లేఖలు అడుగుతాయి. మూడేళ్ల డిగ్రీ చదివినవారు దాన్ని ఆ యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి. మనవాళ్ల శాంపిళ్లలో మామూలుగా కనబడేవి డ్రోన్ షాట్లు, కవర్ సాంగు, పెళ్లి టీజరు, వాటి కింద సినిమా పాట. చూసేవారికి కావాల్సింది కథ నడపడం వచ్చా అన్నది. వంట మధ్యలో గ్యాస్ అయిపోయింది, పక్కింటి సిలిండర్ అడగాలా వద్దా అని ఒకావిడ గుమ్మంలో తటపటాయిస్తోంది. ఫోన్‌తో తీసిన ఈ నాలుగు నిమిషాలు డ్రోన్ షాట్లకన్నా ఎక్కువ చెబుతాయి. తొలి నిమిషంలోనే మనిషి కనబడాలి, టైటిళ్లు కాదు. సబ్‌టైటిల్స్ వీడియోలోనే కలిపేయాలి. శాంపిల్‌లో మీరు చేసిందేమిటో, దర్శకత్వమా ఎడిటింగా, ఒక్క వాక్యంలో రాయాలి. లింకు పాస్‌వర్డ్ ఏప్రిల్ దాకా మార్చకూడదు. పాస్‌వర్డ్ మార్చేసి, ఆ సంగతి మరచిపోయి సీటు పోగొట్టుకోవడం కన్నా తెలివితక్కువ తప్పు ఇంకోటి లేదు. స్టేట్‌మెంట్‌లో ‘చిన్నప్పటి నుంచీ సినిమా పిచ్చి’ అన్న వాక్యం కొట్టేస్తే మిగతాది దానంతటదే బాగుపడుతుంది.

అప్పు విషయం. బ్యాంకుల మోడల్ విద్యారుణ పథకంలో 4 లక్షలు దాటిన విదేశీ చదువుకి ఖర్చులో 15 శాతం (మార్జిన్) మనం పెట్టుకోవాలి, 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలి. కోర్సు కాలం, ఆపైన ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మూడేళ్ల కోర్సుకి నాలుగేళ్ల వడ్డీ పోగయ్యాక మొదటి వాయిదా మొదలవుతుంది, సరిగ్గా ఓపీటీ ముగిసే వేళకి. ఈ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఎనిమిదేళ్లు దొరుకుతుంది, పాత పన్ను విధానంలో ఉన్నవారికే. 1892 నుంచీ నడుస్తున్న జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది కూడా లోన్ స్కాలర్‌షిప్పే, తిరిగి కట్టాల్సిందే. అమెరికాలో ఉన్న మేనమామ కో-సైనర్‌గా సంతకం పెడితే ప్రైవేటు రుణం దొరకొచ్చు, కానీ ఆ బాకీ మొత్తానికీ ఆయన బాధ్యుడే. రేపు ఆయన ఇంటి లోనుకి వెళ్తే ఇది కూడా ఆయన అప్పుగానే లెక్కకొస్తుంది. ఆ మాట సంతకానికి ముందే చెప్పడం మన ధర్మం.

అమెరికాలోనే పుట్టిన మన పిల్లలకూ దారి ఇరుకైంది. అక్కడ 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తవారికి గ్రాడ్ ప్లస్ (పై చదువులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే) రుణాలు లేవు. ఎం.ఎఫ్.ఏ. లాంటి కోర్సుకి ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లు. ట్యూషన్‌లో మూడో వంతుకి చాలీచాలని మొత్తం.

ఈ కొండను ఎక్కాలనుకునే ముందు పుణెలోని ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ వైపు ఓసారి చూడాలి. దర్శకత్వం, సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్‌లకు ఏ డిగ్రీ అయినా చాలు. సౌండ్‌కి ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. అమెరికా ఫీజుతో పోలిస్తే ఇక్కడ ఫీజు ఏ మూలకూ రాదు, విద్యార్థుల సినిమాలకు సంస్థే బడ్జెట్ ఇస్తుంది. మూడేళ్ల కోర్సు సాగి సాగి ఇంకా పొడవైన బ్యాచ్‌లూ ఉన్నాయి, అది దాచాల్సిన పని లేదు. రంగుల గుర్తింపులో లోపముందని ఒకప్పుడు కొన్ని కోర్సులకు రానిచ్చేవారు కాదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎఫ్‌టీఐఐలో ఆ అడ్డు తొలగించింది. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టనివారు ఇప్పటికీ ఉండవచ్చు.

చివరగా తెలంగాణ ప్రభుత్వానికి ఒక విన్నపం. విదేశీ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తున్నారు, సంతోషం. ఆ మార్గదర్శకాల్లో ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, సైన్సు, వ్యవసాయం, వైద్యం, సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్ ఉన్నాయి గానీ ఫైన్ ఆర్ట్స్ అన్న మాట లేదు. పైగా ఎంపికలో జీఆర్‌ఈ, జీమ్యాట్ స్కోరుకి వెయిటేజీ ఉంది. స్కూలే అడగని పరీక్షను ప్రభుత్వం అడిగితే సినిమా చదువుకి వెళ్లే పిల్లవాడు కేవలం ఆ దరఖాస్తు కోసం జీఆర్‌ఈ రాయాలి. ఫైన్ ఆర్ట్స్‌ని పేరుపెట్టి చేర్చి, స్కోరు బదులు స్కూలు ఇచ్చిన అడ్మిషన్ లేఖనో పోర్ట్‌ఫోలియోనో లెక్కలోకి తీసుకోవాలి. జీవోలో రెండు వాక్యాలు మారిస్తే సరిపోతుంది.

ఇట్లు
ఒక పాఠకుడు, హైదరాబాద్