తొమ్మిది ప్రశ్నల కాగితం

కవిటి నుంచి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో "నాన్నా, మానసిక వైద్యం ఓపీలో నాది నర్సు పనిలా లేదు, రోజంతా కాగితాలు నింపించడమే. వైద్యం చేసేది డాక్టరుగారే" అన్నావు. ఆ మాటతో నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన కొబ్బరి తోటను పడగొట్టాక నేను అటు వెళ్లడమే మానేశాను. అన్నం సయించేది కాదు. రాత్రి రెండింటికే మెలకువ వచ్చేసేది. సంక్రాంతి దాటాక మీ అమ్మ పోరు పెట్టి ఒక ఆస్పత్రికి తీసుకెళ్లింది. వరండాలో ఎవరో, నువ్వు నింపించే ఆ తొమ్మిది ప్రశ్నల కాగితమే, మనిషిలో దిగులు (డిప్రెషన్) ఎంతుందో అంకెల్లో కొలిచేది, చేతికిచ్చి "టిక్కులు పెట్టి ఇచ్చేయండి" అన్నారు. పక్క బెంచీ మీద మన ఊరివాళ్లు. అన్నింటికీ 'అస్సలు లేదు' అని పెట్టేశాను. సున్నా వచ్చింది. బలం మందులు రాసి పంపేశారు.

తర్వాత వేరే చోటికి వెళ్లాం. అక్కడి నర్సమ్మ కుర్చీ నా పక్కకి జరుపుకుని, ప్రశ్నలు కాగితంలో ఉన్నవి ఉన్నట్టే చదివింది. 'గత రెండు వారాల్లో' అన్న చోట నేను తడబడితే "పోయిన రెండు సంతల నుంచి చెప్పండి" అంది. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అన్నది. 'కొన్ని రోజులు' అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. తొందర పెట్టకుండా అంతా విని, క్యూలో ఉంచకుండా డాక్టరు గది దాకా నాతో వచ్చింది. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయమని మీ అమ్మకు విడిగా చెప్పింది. ఆ రోజు నాకు 27కి 17. అంకె ఎంత పెద్దదైతే దిగులు అంత ఎక్కువన్నమాట.

నెలన్నర మందులు వాడాక "బానే ఉందండీ" అన్నాను. నిద్ర పడుతోంది కదా, అదే చాలనుకున్నాను. ఆ నర్సమ్మ మళ్లీ అవే ప్రశ్నలు అడిగి లెక్క వేస్తే 15. పాత అంకె పక్కనే కొత్తది రాసి డాక్టరుగారి ముందు పెట్టింది ఆవిడే. అది చూసే ఆయన మోతాదు పెంచారు. నా మాటే నమ్మి ఉంటే ఆ పాత మోతాదుతోనే ఇంకెన్ని నెలలు గడిచేవో! ఒకసారి నేను వెళ్లకపోతే అక్కడి సోషల్ వర్కర్ ఫోన్ చేసి మరీ పిలిపించాడు. మృగశిర కార్తె నాటికి 4 వచ్చింది. ఆ వారమే కొబ్బరి మొక్కలు వేశాను.

రోగం ఏమిటో తేల్చేది డాక్టరేనమ్మా, కాదనను. కానీ ఒకే మనిషికి ఒక చోట సున్నా, ఇంకో చోట 17 వచ్చాయంటే అది అడిగిన తీరు వల్లే కదా?

మీ ఓపీలో నీ బల్ల వరండాలోనే ఉందన్నావు. దాన్ని లోపలికి, కొంచెం చాటుకి మార్పించమని అడుగు. పక్కన ఇంకో కుర్చీ వేయించుకో.

మీ నాన్న