నవలలో కష్టమైన మాట ఎదురైతే

సంపాదకులకు నమస్కారం.

నవలా పఠనం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. ఒక్క సలహాతో మాత్రం మేం ఏకీభవించలేకపోతున్నాం. తెలియని మాట కనిపించిన ప్రతిసారీ ఆగి నిఘంటువు తెరవమన్నారు. అలా చదివితే రెండో అధ్యాయానికే కథ మీద పట్టు తప్పుతుంది, వెతికిన మాటా నిలవదు. భాష బోధించేవాళ్లుగా మేం చెప్పేది ఇదీ: నవల చదువుతూ మాటలు నేర్చుకోవచ్చు, కానీ చదవడం ఒక పని, వెతకడం ఇంకో పని. రెండింటినీ ఒకే గంటలో కలపకూడదు.

ముందు పుస్తకం మన స్థాయికి తగినదో కాదో చూసుకోవాలి. ఇంగ్లీషు నేర్చుకునేవారి మీద హు, నేషన్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. ఎవరి సాయమూ లేకుండా కథ సాఫీగా అర్థం కావాలంటే అందులోని మాటల్లో దాదాపు 98 శాతం తెలిసి ఉండాలని అందులో తేలింది. అంటే 50 మాటలకు ఒకటి తెలియకపోయినా బండి నడుస్తుంది. తెలుగులో విభక్తులూ క్రియారూపాలూ మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఈ లెక్క ఉన్నదున్నట్టు వర్తించదు గానీ, అంచనాకు పనికొస్తుంది. పుటకు 200 మాటలనుకుంటే నాలుగు తెలియనివి ఉన్నా ఫర్వాలేదు. పదీ పన్నెండూ ఉంటే ఆ నవలను ఆరు నెలలు పక్కన పెట్టి ఇంకొకటి ఎత్తుకోవడమే మంచిది. అందులో తప్పేమీ లేదు.

చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ చాలు. తెలియని మాట ఉన్న వరుసకు ఎదురుగా అంచులో ఒక చుక్క పెట్టి ముందుకు సాగాలి. ఆగాల్సింది రెండు సందర్భాల్లోనే. ఆ మాట తెలియకపోతే ఎవరు ఎవరిని ఏం చేశారో అర్థం కానప్పుడు ఒకటి, అదే మాట మూడోసారి కనిపించినప్పుడు రెండోది. మూడుసార్లు వచ్చిందంటే రచయితకు అది అవసరమైన మాట, మళ్లీ వస్తుంది. ఇరవై పుటలు అయ్యాక చుక్కల దగ్గరికి తిరిగి వస్తే, వాటిలో కొన్ని మాటలు సందర్భాన్ని బట్టే తేలిపోయి ఉంటాయి. మిగిలినవాటిలో ఐదింటిని మాత్రం ఎంచుకోవాలి. 300 పుటల నవలకు అవి 75 మాటలు. తక్కువనిపిస్తుంది గానీ, నిలిచే మాటలు 75 అంటే చిన్న సంగతి కాదు.

సందర్భాన్ని బట్టి ఊహించడం మంచిదే, కానీ గట్టిగా మోసపోయేదీ అక్కడే. ఈ వాక్యం చూడండి: "అతని మాటల్లోని ఔదాసీన్యం ఆమెకు నూతిలోని చీకటిలా తోచింది." చీకటి ఉంది, నుయ్యి ఉంది, కాబట్టి ఔదాసీన్యం అంటే విచారం అనుకుంటాం. వాక్యం కూడా ఆ అర్థానికి అడ్డు చెప్పదు. నిజానికి దాని అర్థం పట్టనితనం. ఉదాసీనుడు అంటే ఎటూ చేరకుండా పక్కన కూర్చున్నవాడు. ఆసీనుడు అన్న మాట అందులోనే ఉంది. అతను బాధపడుతున్నాడని చదివినవారికీ, అతనికి ఏమీ పట్టలేదని చదివినవారికీ ఆ తర్వాతి అధ్యాయం రెండు వేరు కథలు. అలాగే వైదగ్ధ్యంలో దగ్ధం కనిపించి కాలడమనుకుంటారు, అది నేర్పు. అభిశంసన అభినందనలా వినిపిస్తుంది, అది తప్పు మోపడం. ఆపాతమధురం అన్నదాన్ని "ఆ పాత మధురం" అని విడగొట్టి పాత పాటలకు అంటగడుతున్నాం. ఆపాతం అంటే తాకీ తాకగానే. వినీ వినగానే తియ్యగా ఉండేది అని దాని అర్థం, పాతదనంతో సంబంధం లేదు. అందుకని ఊహను పెన్సిల్‌తో రాసుకోవాలి, నిఘంటువు చూశాకే సిరాతో రాయాలి.

నిఘంటువు దగ్గర అసలు చిక్కు వేరే. పుస్తకంలో ఉన్న రూపం నిఘంటువులో ఉండదు. "వెతికాను, దొరకలేదు" అనేవారిలో చాలామంది తప్పు రూపాన్ని వెతికినవారే. ఫోన్‌లో మాట మీద వేలు పెడితే అర్థం రాకపోవడానికీ ఇదే కారణం. పైన వచ్చిన "నూతి"నే తీసుకోండి. అది నుయ్యి దగ్గర ఉంటుంది. గోతి గొయ్యి దగ్గర, ఏటి ఏరు దగ్గర, పంటి పన్ను దగ్గర, రోటి రోలు దగ్గర. క్రియనైతే "ఉపేక్షించడంతో" అని కాక "ఉపేక్షించు" అని వెతకాలి. సున్నతో ముగిసే నామవాచకానికి పాత నిఘంటువుల్లో చివర "ము" ఉంటుంది: సంశయం కాదు, సంశయము.

సమాసం మధ్యలో అక్షరం మారడం ఇంకో అడ్డంకి. తల్లిదండ్రులు అన్నప్పుడు "దండ్రులు" ఎక్కడా దొరకదని మనకు తెలుసు, అది తండ్రి. తెలియని మాటకూ అదే సూత్రం వేయాలి. రెండో మాట గ, స, జ, డ, ద, వ, బలతో మొదలై దొరక్కపోతే వరసగా క, చ, చ, ట, త, ప, పలతో వెతకాలి. "చేయిజాచి" అంటే చేయి చాచి. సంస్కృత సంధి అయితే ఓ, ఏల దగ్గర విరిచి చూడాలి. మహోద్వేగం మహా, ఉద్వేగం అవుతుంది. "నిరుత్తరుడయ్యాడు" అన్నదాన్ని నిర్, ఉత్తరం అని విడదీశాక కూడా జాగ్రత్త అవసరం. ఉత్తరం అంటే దిక్కు, లేఖ, జవాబు. ఇక్కడ జవాబు. నిఘంటువులో మొదట ఉన్న అర్థాన్ని ఎత్తుకొచ్చి వాక్యంలో కూర్చోబెట్టడం అందరూ చేసే పొరపాటు. ఉన్న అర్థాలన్నీ చదివి, ఒక్కొక్కటీ వాక్యంలో పెట్టి చూడాలి.

ఒక్క కిటుకు నేర్చుకుంటే పదుల మాటలు విచ్చుకుంటాయి. గుణాన్ని చెప్పే చాలా సంస్కృత పదాల్లో మొదటి అచ్చు పెరుగుతుంది, చివర య ఒత్తు చేరుతుంది. అ ఆ అవుతుంది, ఇ, ఈ ఐ అవుతాయి, ఉ, ఊ ఔ అవుతాయి. చతురుడి గుణం చాతుర్యం, దీనుడిది దైన్యం, ఉదారుడిది ఔదార్యం, సుజనుడిది సౌజన్యం, విదగ్ధుడిది వైదగ్ధ్యం. ఐ, ఔలతో మొదలై య ఒత్తుతో ముగిసే కొత్త మాట కనిపిస్తే వెనక్కి నడిపించి చూడండి.

ఏ నిఘంటువు అన్నది కూడా ముఖ్యమే. 1885 నాటి శబ్దరత్నాకరం గొప్పదే, కానీ ఒక కష్టమైన మాటకు ఇంకో కష్టమైన మాట అర్థంగా ఇస్తుంది. అప్పుడు ఆ రెండో మాటనూ వెతకాలి, మూడో మెట్టు దాకా పోవాల్సి రావచ్చు. అందులో శకటరేఫ (ఱ) వేరే అక్షరమని మరిచిపోకూడదు. రెక్క, రంపం ర కింద కాదు, ఱ కింద ఉంటాయి. క్ష చాలా నిఘంటువుల్లో చివర ఉండదు, క లోపలే ఉంటుంది. ఇంగ్లీషు తెలిసినవారికి 1852 నాటి బ్రౌన్ నిఘంటువు తేలిక, వాడుక మాటలూ అందులో చాలానే ఉన్నాయి. పైలం, సోయి లాంటి మాండలిక పదాలు పాత నిఘంటువుల్లో దొరక్కపోతే అవి తప్పు మాటలనుకోకూడదు. పైలం అంటే జాగ్రత్త, సోయి అంటే స్పృహ. సేద్యం, నేత పనుల మాటలకైతే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాలున్నాయి. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. పల్లె జీవితం మీద నవల చదివేవారికి ఇవి ఎంత ఆసరానో మాటల్లో చెప్పలేం.

అన్ని మాటలూ తెలిసినవే అయి వాక్యం తెలియని సందర్భం ఒకటుంది. "అతను నీళ్లు నమిలాడు." నీళ్లూ తెలుసు, నమలడమూ తెలుసు. జవాబు చెప్పలేక తడబడ్డాడని తెలియదు. ఇలాంటివాటి పక్కన చుక్క పెట్టాలని తోచదు కూడా. వాక్యం ఉన్నదున్నట్టుగా అసాధ్యమనిపిస్తే అది జాతీయమని, అంటే నుడికారమని అనుమానించాలి.

ఇక గుర్తుంచుకోవడం. మాట ఎడమన, అర్థం కుడిన రాసే రెండు గళ్ల పుస్తకం పనికిరాదు. చూడగానే తెలిసినట్టే ఉంటుంది, పేజీ మూస్తే పోతుంది. ఒక్కో మాటకు ఒక అట్టముక్క తీసుకోండి. ముందువైపు నవలలోని వాక్యం మొత్తం రాసి మాట కింద గీత గీయండి. వెనుక నిఘంటువు రూపం, ఆ వాక్యానికి సరిపోయే ఒక్క అర్థం మీ సొంత మాటల్లో, ఒకటి రెండు చుట్టాల మాటలు రాయండి. మోహం పక్కన వ్యామోహం, సమ్మోహనం అలాంటి చుట్టాలు. వెనక్కి తిప్పకముందే అర్థం పైకి చెప్పాలి. అదే రోజు రాత్రి, మర్నాడు, నాలుగో రోజు, వారానికి, నెలకు ఇలా చూసుకోవాలి. నేర్చుకున్న తొలి గంటల్లో, తొలి రోజుల్లో మరుపు వేగంగా ఉంటుందని, తర్వాత నెమ్మదిస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. మొదటి వారం మానేసి నెల తర్వాత కూర్చుంటే కొత్తగా మొదలుపెట్టినట్టే. తప్పిన అట్టను మళ్లీ మొదటి రోజు కట్టలో వేయాలి. నాలుగోసారి కూడా తప్పితే వాక్యం సరిగా ఎంచుకోలేదన్నమాట, అర్థం తేటగా తెలిసే ఇంకో వాక్యం రాసుకోవాలి.

ప్రచురణకర్తలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పాత నవలలను మళ్లీ అచ్చు వేసేటప్పుడు కఠిన పదాల పట్టిక పుస్తకం చివర కాక ప్రతి అధ్యాయం చివరా వేయండి. ఎనిమిది, పది మాటలు చాలు. పుటలో ఉన్న రూపం, నిఘంటువు రూపం రెండూ ఇవ్వండి. అర్థం మాత్రం ఆ వాక్యంలో ఉన్నదే ఇవ్వండి. "నూతి: నుయ్యి" అన్న ఒక్క వరుస ఉంటే పాఠకుడికి పావుగంట వెతుకులాట తప్పుతుంది.

ఇట్లు,
కొందరు తెలుగు ఉపాధ్యాయులు