మన్ననూరు దారిలో ఆగిన పెద్దాయనకు కృతజ్ఞతలు

నల్లమల అంచున, మన్ననూరుకు దగ్గరలో మా తాత కట్టిన రాతి గోడల పెంకుటిల్లు పదేళ్లకు పైగా తాళం వేసి ఉండి శిథిలమైపోగా, తాపీ ఎన్నడూ పట్టని నేను ఈ వేసవిలో దానిని నా చేతులతోనే నిలబెట్టాలని పూనుకున్నాను. సిమెంటు బస్తాలు దించుకుంటున్న రోజున అటుగా పోతూ ఆగిన మీరు, పేరైనా చెప్పకుండా నాలుగు రోజులు నా వెంట ఉండి పని నేర్పారు.

మట్టి అడుసుతో పేర్చిన గోడ వాన తేమను పీల్చుకుని మళ్లీ బయటకు వదులుతుందని, పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే నిలిచి గోడను తినేస్తుందని మీరు చెప్పకపోయి ఉంటే, ఆ ఇంటిని నేను చేజేతులా పాడు చేసుకునేవాడిని. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలపడం, పూసే ముందు గోడను తడపడం, పూత తొందరగా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు వేలాడదీయడం మీరే చూపించారు. కొడవలి పిడితో వాసాలను ఒక్కొక్కటిగా తట్టి, బోలుగా మోగినవాటిని చెదలు తిన్నవని వేరు చేశారు. "అడవిల కట్టె ముట్టకు బిడ్డా, అచ్చంపేటల కొనుక్కో" అన్నారు; అమ్రాబాద్ పులుల అభయారణ్యాన్ని ఆనుకున్న చోటు కనుక ఆ మాటను అక్షరాలా పాటించాను. పెంకులను చూరు నుండి మొదలుపెట్టి పైకి కప్పుకుంటూ పోవాలన్నది కూడా మీ దగ్గర నేర్చుకున్నదే.

రెండు పూటల అన్నం తప్ప మీరు ఏమీ తీసుకోలేదు. మొన్నటి పెద్దవానకు ఇంట్లో ఒక్క చుక్క కూడా కారలేదని మీకు తెలియజేయాలని ఎంతగానో ఉంది. ఆ దారిన మళ్లీ వస్తే దయచేసి ఆగండి.