కమ్యూనిటీ హాళ్లను పగటిపూట తెరవండి

సంపాదకుడు గారికి, నమస్కారం.

సెప్టెంబర్ 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. ఆ రోజు పొద్దున్నే మా కాలనీ వాళ్లం ఇరవై మందిమి సంజీవయ్య పార్కు నుంచి నెక్లెస్ రోడ్డు మీదుగా పీపుల్స్ ప్లాజా దాకా నడుస్తున్నాం. దీనికోసం పోగయ్యే చందా అంతా మా వీధిలో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దలున్న రెండు ఇళ్లకు, పగటిపూట ఆయాను పెట్టుకోవడానికి ఇస్తాం.

మా అమ్మకు ఈ జబ్బు వచ్చి ఆరేళ్లు. కూరలో ఉప్పు రెండోసారి వేస్తే మొదట్లో చాదస్తం అనుకుని విసుక్కున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. దీపాలు పెట్టే వేళకి అమ్మ రెండు చీరలు మూట కట్టుకుని, ‘చీకటి పడుతోంది, ఇంటికి పోతా’ అంటుంది. ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు ఇదే. నన్ను ‘అక్కా’ అని పిలుస్తుంది. ఒకసారి గేటు తీసుకుని వెళ్లిపోయింది. రెండు గంటలు వెతికితే చిక్కడపల్లి బస్టాపులో కనిపించింది, కాళ్లకు చెప్పుల్లేవు. ఆ రాత్రే నా ఫోన్ నంబరు రాసిన గుడ్డముక్కను ఆమె జాకెట్లకు లోపలివైపు కుట్టాను. గేటుకు తాళం పడింది. నేను ఉద్యోగం మానేశాను.

దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. చాలా ఇళ్లలో ఆ భారం కూతురిదో కోడలిదో. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. అయితే బి12 లోపం వల్లో, థైరాయిడ్ వల్లో వచ్చిన మతిమరుపు చికిత్సతో తగ్గే అవకాశం ఉంది. అందుకే ‘వయసైపోయింది’ అని వదిలేయకుండా ముందే టెస్టులు చేయించండి.

మునిసిపల్ అధికారులకు నా విన్నపం ఒక్కటే. మా దగ్గరి కమ్యూనిటీ హాలు ఫంక్షన్లు లేని రోజుల్లో తాళం వేసే ఉంటుంది. అలాంటి హాళ్లను ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఈ పెద్దల కోసం తెరవండి. శిక్షణ ఉన్న ఆయాలు ఇద్దరు, ఒక నర్సు, కాసిని పాత పాటలు, ఒక బుట్ట పూలు చాలు. నా పేరు మరిచిపోయిన మా అమ్మ, మల్లెలు చేతికిస్తే ఇప్పటికీ ఒక్క పువ్వు జారకుండా మాల కడుతుంది. ఆ ఆరు గంటలు దొరికితే నాలాంటివాళ్లు టెన్షన్ లేకుండా కాస్త నిద్రపోతారు, లేదా ఉద్యోగానికి వెళ్తారు.

నడకకు అమ్మ కూడా వస్తోంది. మాతో నడవాలనుకునేవాళ్లు ఉదయం ఆరింటికల్లా సంజీవయ్య పార్కు గేటు దగ్గరకు రండి.

– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్