ఆ ఆస్కార్ పెద్దాయనకు కప్పిన శాలువా కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సినిమా పేజీలో ఇటలీ సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనే మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. టరాంటినో తీసిన మంచు నేపథ్యపు వెస్టర్న్ (కౌబాయ్) సినిమా ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’ సంగీతానికి ఆయనకిచ్చిన ఆస్కార్‌ను వ్యాసకర్త ‘వయసు చూసి కప్పిన శాలువా’ అనేశారు. అందులో పాత సరుకే ఎక్కువ అని కూడా రాశారు. రెండు మాటలూ పూర్తిగా నిలబడవు.

శాలువా సంగతి ముందు. 1978 నాటి ‘డేస్ ఆఫ్ హెవెన్’ నుంచి 2000 నాటి ‘మలేనా’ దాకా ఆయన అయిదుసార్లు పోటీలో నిలిచి అయిదుసార్లూ ఓడారు. ఆ లోటు పూడ్చడానికే 2007లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. అంటే శాలువా అప్పుడే కప్పేశారు. 2016 ఫిబ్రవరి 28న, 87 ఏళ్ల వయసులో, పోటీలో గెలిచింది వేరే లెక్క.

పాత సరుకు మాటలో కొంత నిజం ఉంది. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ది థింగ్’ కోసం మోరికోనే రాసినవాటిలో చాలా భాగం ఆ సినిమాలో వాడనే లేదు. అలా మిగిలిన ముక్కలు మూడు ‘హేట్‌ఫుల్ ఎయిట్’లో వినిపిస్తాయి. ఆ సినిమాలోనూ మంచే, ఒక కప్పు కింద చిక్కుకుని ఒకరినొకరు నమ్మని మనుషులే, నటుడు కర్ట్ రసెలే. కాబట్టి అవి అతుకుల్లా కనబడవు. అయితే టైటిల్స్‌లో వచ్చేదీ, మన చెవిలో ఉండిపోయేదీ మాత్రం కొత్తగా రాసిన సంగీతమే. 1981 తర్వాత ఆయన వెస్టర్న్ సినిమాకు రాయడం ఇదే మొదలు. అయినా అరవైల నాటి ఈల, గిటారు, కేకలు జోలికి పోలేదు. పేరు తెచ్చిన బాణీని పక్కనపెట్టడం ఆ వయసులో అంత తేలిక కాదు.

రాసిన పద్ధతి కూడా చెప్పుకోవాలి. మన దగ్గర రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) అంటే ఎడిటింగ్ అయ్యాక, విడుదల తేదీ నెత్తి మీదికొచ్చాక మొదలయ్యే పని. తలుపు ఎక్కడ తెరుచుకుంది, కత్తి ఎక్కడ దిగింది అని సెకన్ల లెక్కన రాసుకుని, ఒంటికి కొలిచి చొక్కా కుట్టినట్టు సంగీతం కుడతారు. మోరికోనే ఇక్కడ కొలతలు తీసుకోలేదు. స్క్రిప్టు చదివి, బొమ్మ చూడకుండానే రాసిచ్చారు. ఎక్కడ వాడుకోవాలో టరాంటినో చూసుకున్నారు. ఇలా రాస్తే వచ్చే చిక్కు ఏమిటంటే, ఎడిటర్ కత్తెర సంగీత వాక్యం మధ్యలో పడి సంగీతం కుంటుతుంది. అందుకు ఆయన వాడిన ఉపాయం, పొట్టి స్వర గుచ్ఛాలను పదేపదే తిప్పుతూ, ఒక్కో తిప్పుకు ఒక్కో వాద్యాన్ని పైన చేర్చుకుంటూ పోవడం. ఏ తిప్పు చివర కోసినా అతుకు కనబడదు. మన రీరికార్డింగ్ గదుల్లో పనికొచ్చే పాఠం ఇందులో ఏదైనా ఉంటే ఇదే.

ఇక అసలు విషయం. ‘రెడ్‌రాక్‌కు చివరి బండి’ అనే అర్థమొచ్చే ఇటాలియన్ పేరున్న మొదటి ముక్క ఏడు నిమిషాలు దాటుతుంది. తెర మీద మంచు కప్పిన సిలువ, దూరాన గుర్రపు బండి, కెమెరా మెల్లగా వెనక్కి జరుగుతుంటుంది. అడుగున తీగ వాద్యాలు ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటాయి. దాని మీద పాట అందుకునేది వయోలిన్ కాదు, ఫ్లూట్ కాదు. బాసూన్, కాంట్రాబాసూన్.

బాసూన్ మన సన్నాయికి దూరపు చుట్టం. దానికీ రెల్లుతో చేసిన జంట నాలుకలే, వాటి మధ్య నుంచి ఊదిన గాలే. తేడా పొడవులో ఉంది. బాసూన్ గొట్టాన్ని సాగదీస్తే సుమారు 2.5 మీటర్లు. కాంట్రాబాసూన్‌ది దాదాపు 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. మడతలు పెట్టి మనిషి ముందు నిలబెడతారు. గాలి స్తంభం అంత పొడవు కావడంతో అడుగు స్వరాలు పెదవి తగలగానే పలకవు, ఓ క్షణం ఆలస్యం. నడక పెంచితే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి గొణుగుడవుతుంది. అందుకే చాలామంది ఈ వాద్యానికి పాట ఇవ్వరు, తాళానికి ఆసరాగా అడుగున రెండు స్వరాలిచ్చి వదిలేస్తారు. మన సినిమాల్లో అయితే బాసూన్ లాంటి కీబోర్డు ధ్వని వినిపించిందంటే హాస్యనటుడు నడిచొస్తున్నాడనే అర్థం. మోరికోనే ఆ వాద్యం చేతికే పాట ఇచ్చి, నడకను దాని ఊపిరికి సరిపెట్టి, నవ్వించే గొంతుతో భయపెట్టారు.

ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. మంద్ర స్థాయిలో షడ్జమం, గాంధారం పక్కపక్కన పెడితే వినసొంపుగా ఉండదు, బురదలా ఉంటుంది. అంత కింద రెండు స్వరాల కంపనాల మధ్య తేడా చాలా తక్కువ, చెవి వాటిని విడదీయలేదు. కాబట్టి అడుగున ఒకే స్వరం, లేదా దాని పై స్థాయి స్వరం మాత్రమే ఉంచి, మిగతా స్వర మేళనాన్ని పైకి జరపాలి. కీబోర్డు మీద ఎడమ చేత్తో కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) మొత్తం కింద నొక్కే అలవాటున్నవాళ్లు ఈ ముక్కను ఓ పదిసార్లు వినాలి.

‘తెల్లని నరకం’ అనే ముక్కను ఆల్బంలో రెండు రకాలుగా పెట్టారు. ఒకటి సింథసైజర్‌తో, ఒకటి ఇత్తడి వాద్యాలతో. రాసిన స్వరాలు అవే కాబట్టి పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి జత దొరకదు. సింథసైజర్‌లో ప్రతి స్వరమూ ఒకేలా మొదలై ఒకేలా ఆగుతుంది. ఇత్తడిలో వాద్యకారుడికొక తీరు, శ్రుతిలో వెంట్రుకవాసి తేడాలు, ఊపిరి తీసుకునే సందులు. ఆ తేడాలన్నీ కలిస్తేనే ధ్వనికి ఒళ్లు వస్తుంది. ‘మంచు’ అనే 12 నిమిషాల ముక్కకు ఓపిక కావాలి, లేనివాళ్లు దాటేసినా నష్టం లేదు. ‘లింకన్ ఉత్తరం’ అనే ముక్కలో ట్రంపెట్ మాత్రం వదలొద్దు. మోరికోనే కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) పట్టా పుచ్చుకున్న వాద్యం అదే, తండ్రి వాయించిందీ అదే.

మీ వ్యాసకర్త ‘నేపథ్యంలో ఏదో గుర్రుమంటుంది తప్ప బాణీ లేదు’ అన్నారు. ఆ సంగీతాన్ని ఫోన్‌లో విని ఉంటే ఆ మాటలో తప్పు లేదు. కాంట్రాబాసూన్ అడుగు స్వరం 29 హెర్ట్జ్ (సెకనుకు 29 కంపనాలు) దగ్గర ఉంటుంది, డబుల్ బేస్ కింది తీగ 41. ఫోన్ స్పీకరు గోరంత. 200 హెర్ట్జ్ కిందికి అది దాదాపు ఏమీ పలకదు. స్వరంతో పాటే సన్నగా పలికే పై అనుస్వరాలు పట్టుకుని అసలు స్వరాన్ని బుర్ర ఊహించుకుంటుంది గానీ, దాని బరువు మాత్రం రాదు. చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్ చాలు. బేస్ బూస్ట్ తీసేయాలి, లేకపోతే అడుగున పట్టి ఉంచిన ఒక్క స్వరమే ఉబ్బి పాటను మింగేస్తుంది. టీవీలో నైట్ మోడ్ ఉంటే అదీ ఆపాలి. అది మెత్తని చోట్లను పెంచి, గట్టి చోట్లను తగ్గించి అంతా ఒకే మట్టానికి తెస్తుంది. ఆ మొదటి ముక్క ప్రాణమంతా మెత్తగా మొదలై గట్టిపడటంలోనే ఉంది. సౌండ్ ఎంత పెట్టాలో మొదటి నిమిషాన్ని బట్టి నిర్ణయించకండి. అక్కడ చాలినంత పెడితే అయిదో నిమిషంలో ఇంట్లోవాళ్లు లేచి వస్తారు.

మన బెజవాడలో ఆర్కెస్ట్రా అంటే ఇద్దరు గాయకులు, కీబోర్డు, ప్యాడ్స్, తబలా. తప్పు పట్టడం లేదు, పెళ్లిళ్లకూ వినాయక పందిళ్లకూ అదే సరిపోతుంది. ఇలాంటి సంగీతాన్ని తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో వినిపించాలని ఎవరికైనా ఉత్సాహం ఉంటే మాత్రం కాంట్రాబాసూన్ కోసం వెతకనక్కర్లేదు. బ్యాండు మేళంలో యుఫోనియం వాయించేవారికి పాట అప్పగించి, దాని కింద ఒక స్థాయి తగ్గించి కీబోర్డు బాసూన్ ధ్వనిని సన్నగా కలిపితే రంగు చాలావరకు వస్తుంది. రెండో కీబోర్డుంటే దాని శ్రుతిని నాలుగైదు సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) మాత్రమే పక్కకు జరపాలి. అంతకు మించితే అపశ్రుతి. మామూలు బి-ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికంటే ఒక పూర్తి స్వరం (రెండు మెట్లు) కింద పలుకుతుంది కాబట్టి, దానికిచ్చే కాగితం అంత పైకి మార్చి రాయాలి. దీన్ని మరిచిపోయి రిహార్సల్‌లో అరగంట పోగొట్టుకోవడం అందరూ చేసే పొరపాటే. అసలు ప్రమాదం మైకు సెట్టుతో. కరెంటు గుర్రు 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, 49 హెర్ట్జ్ దగ్గర ఉండే జి స్వరానికి ఆనుకుని. అడుగున పట్టి ఉంచిన స్వరం దాని దాపుల్లోకి వస్తే రెండూ కలిసి వూం వూం అని ఊగుతాయి. కీబోర్డును డీఐ బాక్సు (వాద్యానికీ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె) ద్వారా ఇచ్చి, వాద్యాలకూ మిక్సర్‌కూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే చాలావరకు పోతుంది.

దుర్గాపురంలోని ఘంటసాల సంగీత కళాశాలలో వయోలిన్, మృదంగం నేర్చుకునే పిల్లలకు నెలకో సాయంత్రం మంచి స్పీకర్ల మీద ఇలాంటివి వినిపించి, స్కోరు (వాద్యాల స్వరాలన్నీ రాసిన) కాగితం ముందు పెట్టి చూపిస్తే బాగుంటుంది. ఇళయరాజా 81 ఏళ్ల వయసులో, 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీ వినిపించినప్పుడు మన పత్రికలన్నీ ఫొటోలు వేశాయి. అందులో ఏ వాద్యం ఏం చేసిందో ఒక్కరూ రాయలేదు. మీ సినిమా పేజీలో ఆ పాటి చోటు ఇవ్వగలరు.

చివరగా ఒక సవరణ. ఈ సంగీతం రోమ్‌లో రికార్డయిందని వ్యాసంలో ఉంది. రికార్డు చేసింది ప్రాగ్‌లో, చెక్ నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో. ముందు నిలబడి నడిపించింది మోరికోనేనే.

ఇట్లు,
కొందరు వయోలిన్, క్లారినెట్ వాద్యకారులు,
సత్యనారాయణపురం, విజయవాడ