ఇద్దరికీ ఒకటే హెడ్‌ఫోన్స్ వద్దు తల్లీ

చిట్టితల్లీ,

ఆఫర్ ఉందని నువ్వూ తమ్ముడూ ఒకే మోడల్ క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ చెరొకటి తెప్పించుకుందామని అనుకుంటున్నారట, వాడే ఫోన్ చేసి చెప్పాడు. ఆర్డర్ పెట్టేలోపు ఇది చదువు. ఒకటే మోడల్ వద్దమ్మా. నువ్వు వినేది వేరు, వాడు వినేది వేరు.

క్లోజ్డ్ బ్యాక్ అనుకోవడం మాత్రం సరైనదే. హాస్టల్ గదిలో నువ్వు వినే వయొలిన్ కచేరీ పక్క మంచం అమ్మాయికి వినిపించకూడదు, ఆ అమ్మాయి ఫోన్ మాటలు నీ చెవిన పడకూడదు. చెవి మీది కప్పు వెనక మూసేసి ఉంటుంది కాబట్టి ఈ రెండూ చాలావరకు ఆగుతాయి. కాకపోతే వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్‌లో వినిపించినంత విశాలంగా ఉండదు, ఎండాకాలం చెవులకు చెమట పడుతుంది, ఆ రెండూ భరించాలి.

నీకు అన్నిటికంటే ముందు చూడాల్సింది కళ్లజోడు సంగతి. ఈ రకంలో బేస్ (లోతైన బరువు నాదం) చాలావరకు కుషన్ చెవి చుట్టూ సందు లేకుండా అతుక్కోవడం మీదే ఉంటుంది. కళ్లజోడు కాడ దగ్గర సన్నని సందు పడినా చాలు, బేస్ పోతుంది, అప్పుడు జనం హెడ్‌ఫోన్స్ బాగాలేవని తిట్టుకుంటారు. పెట్టుకుని ఏదైనా కచేరీ వింటూ కుషన్‌ని వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి చూడు. మృదంగం ఎడమ వైపు నాదం ఒక్కసారిగా నిండుగా వచ్చిందంటే అక్కడ సందు ఉన్నట్టే.

నీకు గొంతు, వయొలిన్, తంబూర ముఖ్యం. బేసూ ట్రెబులూ (సన్నని పై నాదం) రెండూ పెంచి మధ్యలో తగ్గించి ట్యూన్ చేసినవి దుకాణంలో రెండు నిమిషాలు వింటే భలే ఉంటాయి, తీరా గంటసేపు కచేరీ వింటే గాయకుడు ఎక్కడో వెనక్కి వెళ్లి కూర్చుంటాడు. ట్రెబుల్ మరీ ఎక్కువైతే 'స', 'శ' పలికినప్పుడల్లా సూదిలా గుచ్చుతుంది. నువ్వూ అమ్మా వినే పాత ఘంటసాల పాటలకైతే అది అసలు పనికిరాదు, రికార్డులో ఉన్న బరబరంతా పైకి తేలుతుంది. ఆ పాటలు చాలావరకు మోనో (రెండు చెవుల్లోనూ ఒకటే సౌండ్) కాబట్టి ఎంత ఖరీదైనవి పెట్టినా గొంతు తల మధ్యలోనే వినిపిస్తుంది, అందుకని వాటికోసం ఎక్కువ డబ్బు పెట్టకు.

నేను వాడే సోనీ ఎండీఆర్ 7506 కొంటే పోలా అన్నావు. అది 1991 నుంచి స్టూడియోల్లో ఉన్న మోడల్, నా పనికి మంచిది, ఎందుకంటే ట్రెబుల్ పదునుగా ఉండి రికార్డింగ్‌లో చిన్న తప్పుని కూడా పట్టిస్తుంది. రాత్రిపూట హాయిగా పాటలు వినడానికి అది కాదు. నీ సంగీతానికి ఏకేజీ కే371 దగ్గరగా ఉంటుంది, బేస్ నిండుగా ఉన్నా గొంతు మీదకి రాదు. అయితే దాన్ని నీ కళ్లజోడుతో పెట్టుకుని చూడకుండా మాత్రం కొనొద్దు.

తమ్ముడికి మాస్ పాటలు, హిప్‌హాప్, ఈడీఎమ్ (ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం) కదా, వాడికి గుండెకు తగిలే బేస్ కావాలి, అందులో తప్పేం లేదు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో అది లోతుగా వస్తుంది, వెలూర్ (మఖమల్ లాంటి బట్ట) కుషన్లున్న రకమైతే లెదరెట్‌లా (నకిలీ తోలులా) చెమటకి అంటుకోవు. అది 32, 80, 250 ఓమ్స్‌లో వస్తుంది, ఆ అంకె (విద్యుత్ నిరోధం) పెరిగేకొద్దీ మోగించడానికి ఎక్కువ బలం కావాలి. 250 వద్దని గట్టిగా చెప్పు, ఫోన్‌కి పెడితే సౌండ్ చాలదు. అయితే దాని వైరు ఊడిరాదు, మనవాడేమో వైరు తొక్కి లాగే రకం. అందుకే వాడికి ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ మేలు అంటాను, 38 ఓమ్స్, వైరు పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. మీ ఫోన్లకి జాక్ లేకపోతే యూఎస్‌బీ సీ డాంగిల్ (చార్జింగ్ రంధ్రానికి హెడ్‌ఫోన్ వైరు తగిలించే చిన్న ముక్క) కూడా లెక్కలో వేసుకోండి.

కోఠిలో వినిపించి అమ్మే దుకాణం దొరికితే మీకు బాగా తెలిసిన పాటలు తీసుకెళ్లి వాటితోనే వినండి, దుకాణం వాడు పెట్టే పాటతో కాదు. ఒకదాని తర్వాత ఒకటి వినేటప్పుడు సౌండ్ సమానంగా ఉండేలా చూసుకోండి, కాస్త ఎక్కువ మోగేదే బాగుందనిపిస్తుంది. అన్నట్టు, కుషన్లు ఎప్పటికైనా పెచ్చులూడతాయి, విడిగా దొరికే మోడలే కొనండి.

ఇంకోటి, ఇది తమ్ముడికి చదివి వినిపించు. 80 డెసిబెల్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చని, 90కి వెళ్తే 4 గంటలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బయటి రొద తగ్గుతుంది కాబట్టి మీకు సౌండ్ పెంచే అవసరం తగ్గుతుంది. చెవిలో గుయ్యిమంటోందని ఒక్కసారి అనిపించినా ఆ రోజుకి తీసి పక్కన పెట్టండి, నాకు ఫోన్ చెయ్యండి.

ఏది ఖాయం చేసుకున్నారో చెప్పు, డబ్బులు పంపుతాను.

నాన్న