నాన్న ఈఈజీ (మెదడు తరంగాలు చూసే టెస్టు) రోజు తోడున్న వాళ్ళకి థాంక్స్

అందరికీ విడివిడిగా ఫోన్ చేద్దామనుకున్నా, కుదరట్లేదు, అందుకే ఇక్కడే రాసేస్తున్నా. నాన్నకి పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్ళు. వణుకు, అడుగు పడకపోవడం మాకు అలవాటే కానీ ఈ మధ్య కొత్తవి మొదలయ్యాయి, పొద్దున బాగా మాట్లాడిన మనిషి మధ్యాహ్నానికి ఎటో చూస్తూ ఉండిపోతాడు, మూలన ఎవరో చిన్నపిల్ల కూర్చుంది చూడమంటాడు. ముందు చూపించిన చోట వయసైపోయింది కదండీ అని పంపించేశారు.

మొదటి థాంక్స్ అక్కకి (పేరు రాయొద్దంది). వాళ్ళమ్మగారికీ ఇలాగే అయిందట, వేసుకునే మాత్రలన్నీ రాసుకెళ్ళు, ట్రైహెక్సీఫెనిడిల్ (వణుకు తగ్గడానికిచ్చే మాత్ర) ఉందేమో చూడు అంది. ఉంది! అది ఎసిటైల్‌కోలిన్‌కి, అంటే జ్ఞాపకానికీ ధ్యాసకీ పనికొచ్చే మెదడు రసాయనానికి అడ్డుపడుతుందట, ఈ జబ్బులో మతి తగ్గేవాళ్ళకి అసలే అది తక్కువైపోతుందట. కొత్త డాక్టర్ గారు మెల్లమెల్లగా తగ్గించి ఆపించారు, మీరు మాత్రం సొంతంగా ఆపకండి.

ఇక ఈఈజీ తీసిన తమ్ముడు. తలంతా పేస్టు, వైర్లు, నాన్న కరెంటు పెడతారా అని బెదిరిపోతే "మేమేం పెట్టం పెద్దాయనా, మీ బుర్రలో ఉన్నదే చూస్తాం" అన్నాడు. కునుకు పడితే మామూలు వాళ్ళకైనా తరంగాలు నెమ్మదిస్తాయట, అందుకని నాన్న కళ్ళు వాలినప్పుడల్లా పిలిచి లేపుతూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

డాక్టర్ గారు స్క్రీన్ మావైపు తిప్పి చూపించారు. మెలకువగా ఉండి కళ్ళు మూసుకుంటే తల వెనకవైపు సెకనుకి 8 నుంచి 13 దాకా ఆల్ఫా తరంగాలు రావాలంట. ఒక సెకను ముక్క మీద పెన్ను పెట్టి లెక్కపెట్టారు, నేనూ లెక్కపెట్టా, ఆరే. తీటా అంటారు దాన్ని. పార్కిన్సన్స్‌తో డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోవడం) వచ్చినవాళ్ళలో, రాబోయేవాళ్ళలో ఇలా నెమ్మదించడం ఎక్కువగా కనిపిస్తుందట, అలాగని గీతలు చూసి తేల్చేయలేం, ఇన్ఫెక్షనున్నా మందుల వల్లైనా ఇలా అవ్వొచ్చు అని రక్తం, యూరిన్ టెస్టులు రాసి, ఆలోచన ఎలా ఉందో చూడ్డానికి గడియారం బొమ్మ గీయించారు. నాన్న పన్నెండు అంకెలూ ఒకే పక్కకి కుక్కేశాడు. అది చూశాక ఆ ఆరు నాకు అర్థమైంది.

ఇన్ఫెక్షన్ ఏం లేదు. డిమెన్షియానే అని చెప్పి రివాస్టిగ్మిన్ అనే మందు మొదలుపెట్టారు, జబ్బు పోదు కాస్త తేరుకుంటారంతే అని ముందే చెప్పారు, ఆ మాట దాచనందుకు ఆయనకి ఇంకో థాంక్స్. చిన్నపిల్ల ఇప్పటికీ వస్తుంది, రోజూ కాదు.

తమ్ముడూ, ఆ పేస్టు వదలడానికి మూడుసార్లు తలస్నానం అయింది, నాన్న నిన్ను ఇంకా తిడుతున్నాడు.